ప్రతి నెలా పెసరీ పెట్టుకున్న ఆ ఆరు రోజులు: ఒక కేసు

పేరు సుజాత అందాం. అసలు పేరు కాదు, ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. వయసు 29. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. భర్తకి హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, శుక్రవారం రాత్రి బస్సెక్కి శనివారం పొద్దున దిగుతాడు, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు. పెళ్ళై రెండున్నరేళ్ళు. పిల్లలు లేరని అత్తగారే వెంటబెట్టుకుని తీసుకొచ్చారు, లావుపాటి ఫైలుతో సహా.

ముందు ఫైలు సంగతి. థైరాయిడ్ నార్మల్, ప్రొలాక్టిన్ నార్మల్, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే పరీక్ష) 3.4, స్కాన్‌లో పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగలు) లేదు, ట్యూబ్ టెస్టులో రెండు ట్యూబులూ తెరిచే ఉన్నాయి. పీరియడ్ మొదలైన 21వ రోజు ప్రొజెస్టెరాన్, అంటే అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్, మిల్లీలీటరుకి 0.7 నానోగ్రాములు. దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి "ఎగ్ రిలీజ్ అవట్లేదు" అని చెప్పారట, అండం విడుదలయ్యేలా చేసే క్లోమిఫీన్ మాత్రలు మూడు నెలలు ఇచ్చారు. భర్త వీర్య పరీక్ష మాత్రం ఎక్కడా లేదు. రెండేళ్ళలో ఆమె ఒంటికి ఇన్ని సూదులు గుచ్చారు, అతన్ని ఒక్క డబ్బాలో శాంపిల్ ఇమ్మని ఎవరూ అడగలేదు. ఇది నాకు కొత్త కాదు, కోపం మాత్రం ప్రతిసారీ కొత్తగానే వస్తుంది.

ఫైల్లో నన్ను ఆపింది వేరే కాగితాలు. వేర్వేరు నెలల ప్రిస్క్రిప్షన్లు నాలుగు, అన్నింటిలో తెల్లబట్టకి ఆరు రాత్రులు పెట్టుకునే పెసరీలు (యోనిలో పెట్టుకునే మందు బిళ్ళలు), "ఈ ఆరు రోజులు కలవకూడదు" అన్న సూచన. పక్కన ఆమె పీరియడ్ తేదీలు పెట్టుకుని లెక్కేస్తే నాలుగు సార్లూ ఆమె తెల్లబట్ట అని ఆస్పత్రికి వెళ్ళింది 20 నుంచి 23 రోజుల మధ్యే.

అత్తగారిని కాసేపు బయట కూర్చోమని అడిగాను.

"దురద ఉండేదామ్మా?"

"లేదు మేడమ్."

"వాసన? మంట?"

"అవేం లేవు."

"మరి ఎలా ఉంటుంది?"

తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "జిగురుగా ఉంటుంది మేడమ్, సాగుతుంది. తెల్లగా కూడా ఉండదు, నీళ్ళ రంగు. నడుస్తుంటే జారుడుగా తెలుస్తుంది. రెండు మూడు రోజులుండి పోతుంది."

"పెసరీ పెట్టుకోని నెల ఏమైనా ఉందా?"

"ఒక నెల మందు కొనలేదు. అప్పుడూ పోయింది."

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. దురద లేకుండా, వాసన లేకుండా, నెలలో ఒకే సమయానికి వచ్చి దానంతటదే పోయేది ఇన్ఫెక్షన్ కాదు. అండం పెరుగుతున్నప్పుడు ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, దానికి గర్భాశయ ముఖద్వారం పలుచటి, జారుడు స్రావాన్ని వదులుతుంది, వీర్యకణాలు ఆ దారిలోనే పైకి ఈదుతాయి, అందులోనే ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. మిగతా రోజుల్లో వాటికి ఆ దారి దాదాపు మూసి ఉన్నట్టే. అంటే ఈ దంపతులు ప్రతి నెలా దారి తెరిచి ఉన్న రోజుల్ని వెతికి పట్టుకుని మరీ దూరంగా ఉన్నారు, అదీ డాక్టరు రాసిచ్చిన చీటీతో.

ఇక ఆ 21వ రోజు పరీక్ష. ఆమె పీరియడ్ 34 నుంచి 37 రోజులకి ఒకసారి వస్తుంది. అదే ఆలస్యం, అదే జబ్బు అని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. అంతర్జాతీయ గైనకాలజీ సంఘాల సమాఖ్య లెక్క ప్రకారం 24 నుంచి 38 రోజుల మధ్య ఎంత వచ్చినా నార్మలే. అండం విడుదలయ్యాక తర్వాతి పీరియడ్ దాకా ఉండే భాగం చాలామందిలో 12 నుంచి 14 రోజులు, పెద్దగా మారదు. సాగేదీ కుదించుకుపోయేదీ అండం విడుదలకి ముందు భాగం. 28 రోజుల చక్రం ఉన్నామెకి 14వ రోజు అయితే 36 రోజుల చక్రం ఉన్నామెకి 22, 23 అవుతుంది. ప్రొజెస్టెరాన్ చూడాల్సింది అండం విడుదలైన వారానికి. "డే 21" అన్న పేరు 28 రోజుల చక్రం కోసం పెట్టింది, దాన్ని అందరికీ అదే రోజు చేసి పారేస్తున్నారు. సుజాతకి 21వ రోజున అండం ఇంకా విడుదలే కాలేదు, 0.7 రాకపోతే ఆశ్చర్యపడాలి.

క్లోమిఫీన్ గురించి కూడా ఒక మాట. మంచి మందే, అవసరమైనవాళ్ళకి. కానీ ఈస్ట్రోజెన్‌కి అడ్డుపడే గుణం వల్ల కొందరిలో ఈ జారుడు స్రావాన్ని తగ్గించేస్తుంది. ఆ మూడు నెలలూ "తెల్లబట్ట తగ్గింది మేడమ్, ఒంటికి పడింది" అని ఆమె సంతోషపడిందట.

మాత్రలు ఆపించాను. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే రోజుకి 400 మైక్రోగ్రాములు. భర్తకి వీర్య పరీక్ష రాశాను, మొదట కొంచెం మొహం ముడుచుకున్నాడు గానీ చేయించుకున్నాడు, మిల్లీలీటరుకి 46 మిలియన్లు, కదలిక 55 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస హద్దులు 16 మిలియన్లు, 42 శాతం, కాబట్టి అతని వైపు ఇబ్బంది లేదు. మూడు నెలలు ఏ మందూ లేకుండా ఒళ్ళు ఏం చెబుతోందో రాసుకురమ్మన్నాను.

పుస్తకాల్లో ఈ స్రావాన్ని గుడ్డు తెల్లసొనలా ఉంటుందని రాస్తారు. సుజాత వాళ్ళింట్లో గుడ్డు పగలగొట్టరు. బెండకాయ కోసినప్పుడు కత్తికీ ముక్కకీ మధ్య సాగే జిగురు గుర్తు తెచ్చుకోమన్నాను, వెంటనే "ఆఁ, అదే" అంది. ఇంకో చిక్కుంది. ఈ పద్ధతి రాసిన విదేశాలవాళ్ళు టాయిలెట్ పేపర్‌తో తుడుచుకుని దాని మీద చూడమంటారు. మనం నీళ్ళతో కడుక్కుంటాం, చూడాల్సింది కాస్తా నీళ్ళలో కొట్టుకుపోతుంది. అందుకని కడుక్కునే ముందు ఒక తెల్ల టిష్యూతో ముందు నుంచి వెనక్కి ఒకసారి అద్దుకుని, దాని మీద ఉన్నది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా విడదీసి చూడమంటాను. తెగిపోతే ఒక గుర్తు, రెండు మూడు సెంటీమీటర్లు తీగలా సాగితే ఇంకో గుర్తు. లోపల వేలు పెట్టి చూడాల్సిన పని లేదు. అసలు చూడకముందే నడుస్తున్నప్పుడు పొడిగా ఉందా, తడిగా ఉందా, జారుడుగా ఉందా అన్నది తెలుస్తుంది, చూపు కంటే ఆ స్పర్శే ఎక్కువ నమ్మదగింది. స్కూల్లో బాత్రూం దగ్గర కుదరదు అంది, సాయంత్రం ఇంటికొచ్చాక ఒకసారి, పడుకునేముందు ఒకసారి చాలన్నాను. ఆ రోజు మొత్తంలో ఎక్కువ జారుడుగా అనిపించింది ఏదైతే అదే రాయాలి. కలిసిన మర్నాడు వీర్యం వల్ల కూడా జారుడుగానే ఉంటుంది, ఆ పూట రాసింది నమ్మకూడదు. నూనెలు, జెల్స్ కూడా ఇలాగే తప్పుదారి పట్టిస్తాయి, పైగా కొన్ని జెల్స్ వీర్యకణాల కదలికనే తగ్గిస్తాయి.

ఈ స్రావాన్ని చూసి రోజులు గుర్తుపట్టే పద్ధతిని 1950ల్లో మెల్‌బోర్న్‌లో జాన్ బిల్లింగ్స్, తర్వాత ఆయన భార్య ఎవెలిన్ తీర్చిదిద్దారు. చదువుకున్న ఆడవాళ్ళకే సాధ్యం అనుకుంటారు చాలామంది డాక్టర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు చోట్ల దీన్ని నేర్పించి చూసింది, ఆ ఐదింట్లో బెంగళూరు ఒకటి. మొదటి నెలలోనే 93 శాతం మంది తమ స్రావం మార్పుల్ని సరిగ్గా గుర్తించి నమోదు చేయగలిగారు. 1981లో వచ్చిన ఫలితాలివి.

రెండో గుర్తు ఉష్ణోగ్రత. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందు, మాట్లాడకముందు, నీళ్ళు తాగకముందు నాలుక కింద థర్మామీటర్. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్‌ది చాలు, ఒక్కటే వాడాలి, రోజూ ఇంచుమించు ఒకే టైముకి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వల్ల 0.4 నుంచి 1 డిగ్రీ ఫారన్‌హీట్ దాకా పెరిగి పీరియడ్ వచ్చేదాకా అక్కడే ఉంటుంది. గుర్తుంచుకోవాల్సింది, ఇది అయిపోయాక చెప్పే గుర్తు. పెరిగింది కదా అని ఆ రోజు భర్తకి ఫోన్ చేస్తే బస్సు వెళ్ళిపోయినట్టే, అండం బతికేది 12 నుంచి 24 గంటలే. స్రావం ముందు చెబుతుంది, ఉష్ణోగ్రత తర్వాత ఖాయం చేస్తుంది, అందుకే రెండూ కావాలి. గర్భాశయ ముఖద్వారం పైకి జరగడం, మెత్తబడడం లాంటివి కూడా ఉన్నాయి గానీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి నేను చెప్పను, కంగారు తప్ప లాభం లేదు.

మొదటి నెల

5 రోజులు బ్లీడింగ్. 6 నుంచి 12 దాకా పొడి. 13, 14 తేదీల్లో అంటుకునేలా కొంచెం తెల్లగా, మళ్ళీ మూడు రోజులు పొడి. (నెల తేదీలు కావు, పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్క. మొదటి రోజు అంటే బ్లీడింగ్ సరిగ్గా మొదలైన రోజు. మా దగ్గర తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, నాలుగైదు రోజులు తేడా కొట్టేస్తుంది, అందుకే ప్రతి ఒక్కరినీ అడుగుతాను.) 18, 19 రోజుల్లో క్రీములా. 20 నుంచి జారుడు, 22న తీగలు, 23న ఇంకా జారుడుగానే ఉంది, 24కి మాయం. చివరి జారుడు రోజు 23, దాన్నే పీక్ అంటాం, అండం విడుదల దానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఉంటుంది. 22 సాయంత్రం "కుడివైపు పొత్తికడుపు గుంజింది, గ్యాస్ అనుకుని సోడా తాగాను" అని రాసింది. అండం విడుదలయ్యే నొప్పికి ఎన్నేళ్ళుగానో నెలనెలా సోడా తాగుతోందట. ఉష్ణోగ్రత 24 దాకా 97.2, 97.5 మధ్య, 25న 97.8, తర్వాత 98.0, 98.1. అంతకుముందు ఆరు రోజుల కంటే వరుసగా మూడు రోజులు ఎక్కువ ఉంటే పెరిగినట్టు లెక్క. 30వ రోజు ప్రొజెస్టెరాన్ చేయిస్తే 11.2. మూడు దాటితేనే అండం విడుదలైందని ఒప్పుకుంటాం. 37వ రోజు పీరియడ్.

అంటే ఇన్నాళ్ళూ "ఎగ్ రిలీజ్ అవట్లేదు" అన్న మాట మోస్తూ తిరిగింది, అవుతూనే ఉంది.

వాళ్ళు వాడుతున్న ఫోన్ యాప్ ఆ నెల 14వ రోజుని గులాబీ రంగులో చూపించింది. ఆ యాప్‌ని నమ్మి అంతకుముందు భర్త రెండుసార్లు సెలవు పెట్టుకుని 13, 14, 15 రోజుల్లో ఊళ్ళో ఉన్నాడు. ఓవులేషన్ కిట్ కూడా కొన్నారు, పాకెట్లో ఐదు స్ట్రిప్పులు, 11న మొదలుపెట్టి 15కి అయిపోయాయి, అన్నీ నెగెటివ్. ఎల్‌హెచ్ హార్మోన్ ఎగసేది అండం విడుదలకి ఒకటి, ఒకటిన్నర రోజు ముందు, ఆమెకి అది 21, 22 దగ్గర వచ్చేది, అప్పటికి స్ట్రిప్పులు లేవు. కిట్ వాడేవాళ్ళు జారుడు మొదలయ్యాక స్ట్రిప్ పాకెట్ విప్పితే డబ్బులు మిగులుతాయి. పీసీఓడీ ఉంటే మాత్రం కిట్ ఉత్తుత్తి పాజిటివ్‌లు చూపిస్తుంది, స్రావం కూడా వచ్చి పోయి వచ్చి పోయి గందరగోళం చేస్తుంది, వాళ్ళకి స్కాన్ తప్పదు.

14వ రోజు మీద ఇంత గుడ్డి నమ్మకం ఎందుకో తెలియదు. 1995లో విల్‌కాక్స్ బృందం అమెరికాలోని నార్త్ కరొలినాలో 221 మంది ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో గర్భం వచ్చే అవకాశం ఉన్నది అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజులే అని తేలింది. అదే బృందం 2000లో ఇంకో మాట చెప్పింది, ఆ ఆరు రోజులూ పూర్తిగా 10, 17 రోజుల మధ్యే పడేది సుమారు 30 శాతం మందికే.

యాప్ ఒక వైపు, అత్తగారు ఇంకో వైపు. ఆవిడది పాత లెక్క. ఋతుకాలం పదహారు రాత్రులు, అందులో సరి రాత్రులైతే కొడుకు, బేసి రాత్రులైతే కూతురు. "పన్నెండు, పద్నాలుగు, పదహారు చూసుకోమని చెబుతూనే ఉన్నాను డాక్టరమ్మా, వినరు" అని నాకు ఫిర్యాదు. సరి బేసి సంగతి ఉట్టిమాట, దాని గురించి నా దగ్గర మాట్లాడొద్దని నవ్వుతూనే గట్టిగా చెప్పాను. కానీ పదహారు రాత్రుల లెక్క సుజాత చార్టు మీద పెట్టి చూస్తే తమాషాగా ఉంది. ఆమెకి పదహారో రాత్రి అయిపోయిన రెండు రోజులకి అసలు కథ మొదలవుతుంది. ఆవిడకి చార్టు చూపించి వేలితో రోజులు లెక్కపెట్టించాను. "అయితే నా కోడలికి తేడా ఏం లేదంటారా?" అంది. లేదన్నాను. ఆ తర్వాత నుంచి పొద్దున్నే కోడలు థర్మామీటర్ పెట్టుకునేదాకా పలకరించొద్దని ఇంట్లో అందరికీ చెప్పింది ఆవిడేనట.

రెండో నెల

పనికి రాలేదు. మధ్యలో శివరాత్రి, జాగరణ చేసింది, కనీసం మూడు నాలుగు గంటల నిద్ర లేకపోతే ఆ పొద్దుటి ఉష్ణోగ్రత లెక్కలోకి రాదు. అది పోనీ, 17వ రోజు నుంచి స్రావం వచ్చింది, పెరుగు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా, విపరీతమైన దురద. ఈసారి నిజంగానే కాండిడా అనే ఫంగస్ ఇన్ఫెక్షన్. పరీక్ష చేసి పెసరీ నేనే రాశాను. చేపల వాసనతో బూడిదరంగులో పలుచగా వస్తే అది ఇంకో రకం ఇన్ఫెక్షన్, దానికి మందు వేరు. రెండింటి తేడా ఆమెకి ఒంటి మీదే తెలిసొచ్చింది, నేను గంట చెప్పినా అంత తెలిసేది కాదు. ఆ నెల స్రావం గడులన్నీ కొట్టేశాం.

మూడో నెల

18న క్రీములా మొదలైంది. 20న, మంగళవారం, జారుడు అని రాసుకుని భర్తకి ఫోన్ చేసింది. అతను మేనేజర్‌ని అడిగి ఆ వారం ఇంటి నుంచి పని పెట్టుకుని బుధవారం పొద్దునకి దిగాడు. రోజూ కలవాలా, రోజు మార్చి రోజా అని అడిగారు. ఎలా వీలైతే అలా, ఈ రోజుల్లో రోజు మార్చి రోజైనా చాలు, తర్వాత కాళ్ళు గోడకి ఎత్తి పడుకోవాల్సిన అవసరం లేదు, టైమ్‌టేబుల్ పెట్టుకుని టెన్షన్ పడొద్దు అన్నాను. పీక్ 22. ఉష్ణోగ్రత 24న పెరిగింది, పెరిగినది పెరిగినట్టే ఉంది. వరుసగా 18 రోజులు దిగకపోతే గర్భం అయ్యే అవకాశం చాలా ఎక్కువ, అప్పుడు టెస్ట్ చేసుకో, ముందే చేసుకుని ఏడవొద్దు అని చెప్పి ఉంచాను. 41న చేసుకుంది. రెండు గీతలు.

గుర్తులు చూసుకోవడం వల్లే వచ్చిందా అంటే ఒక్క కేసుతో రుజువు కాదు. పెసరీలు, క్లోమిఫీన్ ఆపినా చాలు, అదే వచ్చేదేమో. వారాంతం దంపతులకి రెండున్నరేళ్ళ కాపురం అంటే కలిసి ఉన్న రోజులు అందులో మూడో వంతు కూడా ఉండవు, అది కూడా లెక్కేసుకోవాలి.

చార్టు ఇంకోసారి పనికొచ్చింది. మొదటి స్కాన్‌కి వచ్చినప్పుడు పీరియడ్ లెక్కన 7 వారాల 4 రోజులు. స్కాన్‌లో పిండం 6 మిల్లీమీటర్లు, గుండె కొట్టుకుంటోంది, అంటే 6 వారాల 3 రోజుల సైజు. చార్టు లేకపోతే ఎనిమిది రోజులు వెనకబడిందన్న భయం, వారం పాటు నిద్రలేకపోవడం, ఇంకో స్కాన్, అవసరం లేని ఇంజెక్షన్లు. ఇలా ఎన్ని చూశామో. అండం విడుదలైంది 22, 23 దగ్గర కాబట్టి పిండం ఉండాల్సిన సైజులోనే ఉంది. తొమ్మిది వారాల లోపు స్కాన్‌కీ పీరియడ్ లెక్కకీ ఐదు రోజులకి మించి తేడా ఉంటే స్కాన్ లెక్కే తీసుకోవాలి. డెలివరీ తేదీ ఎనిమిది రోజులు ఆలస్యంగా మార్చి ఫైలు మీద పెద్దక్షరాలతో రాశాను, లేకపోతే నెలలు నిండాక "డేట్ దాటిపోయింది" అని ఎవరో ఒకరు తొందరపెడతారు.

ఇది చదివి అందరూ చార్టులు పట్టుకుని ఇంట్లో కూర్చోకండి. ఈ గుర్తులు అండం గురించి చెబుతాయి, ట్యూబులు మూసుకుపోయాయా అన్నది చెప్పవు, వీర్యం సంగతి చెప్పవు. 35 దాటినవాళ్ళు ఆరు నెలలకి మించి ఆగకూడదు. పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వచ్చేవాళ్ళు, ఇదివరకు టీబీ వచ్చినవాళ్ళు, పొత్తికడుపు ఆపరేషన్ అయినవాళ్ళు, విపరీతమైన నొప్పితో నెలసరి గడిపేవాళ్ళు ముందే రావాలి. మిగతావాళ్ళకి ఏడాది టైముంది, అది కూడా కలిసి ఉన్న ఏడాది.

సుజాత ఐదో నెలలో చెకప్‌కి వచ్చినప్పుడు తోడికోడల్ని కూడా తీసుకొచ్చింది. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఎనిమిది నెలలు, ఇంకా పాలిస్తోంది, డెలివరీ తర్వాత పీరియడ్స్ ఇంకా మొదలవలేదు. "అక్క చెప్పింది మేడమ్, ఆ రోజులు తెలిస్తే తప్పించుకోవచ్చు కదా, మాత్రలెందుకు" అని అడిగింది. తప్పించుకోవచ్చు, కానీ అది ఇంకా కఠినమైన లెక్క, పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఒక రోజు పొరపాటు పడితే ఒక నెల పోతుంది, వద్దనుకునేవాళ్ళు పొరపాటు పడితే కడుపొస్తుంది. మామూలుగా జనం వాడే తీరులో ఈ రకం పద్ధతులతో ఏడాదికి వందమందిలో 2 నుంచి 23 మందికి గర్భం వస్తుందని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంకె, పద్ధతిని బట్టి, శ్రద్ధని బట్టి అంత తేడా. పైగా పాలిచ్చేటప్పుడు స్రావం తీరే వేరు, పీరియడ్ రాకముందే మొదటి అండం విడుదల కావచ్చు. నెలనెలా సరిగ్గా వచ్చి, భర్త కూడా ఆ రోజుల్లో మాట వింటాడనుకుంటే అప్పుడు నేర్పిస్తానన్నాను. "మా ఆయనా!" అని నవ్వి, కాపర్-టీ వేయించుకుని వెళ్ళింది.